నాగార్జునకొండ నుంచి నల్లమల దాకా: మా పిల్లల చరిత్ర యాత్ర

కల్వకుర్తి చౌరస్తాలో నిలబడితే రెండు దారులు కృష్ణకు పోతాయి. ఒకటి మల్లేపల్లి మీదుగా నాగార్జునసాగర్‌కు. రెండోది డిండి, మన్ననూర్ దాటి నల్లమల అడవిలోంచి శ్రీశైలానికి. రెండు దారుల చివరా ఒక ఆనకట్ట ఉంది, ఒక మ్యూజియం ఉంది, నీళ్ల కింద మునిగిన నేల ఉంది. మా వసతి గృహం పిల్లలకు చరిత్ర చూపించాలని అనుకున్నప్పుడు హైదరాబాద్ వద్దనుకొని ఈ రెండు దారులనే ఎంచుకున్నాం. గోల్కొండ, చార్మినార్ ఎప్పటికైనా చూస్తారు. మన కాళ్ల కింది చరిత్రను ఎవరో ఒకరు చెయ్యి పట్టుకొని చూపించకపోతే అది కనిపించదు.

పిల్లలు నలభై మంది. ఎక్కువ మంది లంబాడా తండాల వాళ్లు. ఆరుగురు మాత్రం అమ్రాబాద్, లింగాల వైపు చెంచు పెంటల నుంచి వచ్చినవాళ్లు. బయట పెద్దల మధ్య ఏ వాదాలు నడుస్తున్నా మా భోజనాల గదిలో అందరిదీ ఒకటే వరుస. బస్సులో కూడా అట్లాగే కలిపి కూర్చోబెట్టాం.

నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. అందుకే శనివారం తెల్లవారుజామున బయలుదేరాం. లాంచీ ఎక్కగానే పాటలు మొదలయ్యాయి. మొదటిసారి అంత నీళ్లు చూసిన పిల్లలు రేకు అంచులు గట్టిగా పట్టుకొని పాడారు. మేము వాళ్లకు చెప్పాల్సిన మొదటి పాఠం అక్కడే ఉంది. మనం పోతున్నది చెరువు మీద కాదు, ఒక పట్టణం మీద.

ఆ పట్టణం పేరు విజయపురి. శాతవాహనుల తర్వాత, క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులకు అది రాజధాని. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, అతని కొడుకు వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువల శాంతమూలుడు అక్కడి నుంచే పాలించారు. మూడు వైపులా నల్లమల కొండలు, ఒక వైపు కృష్ణ. లోయ నిండా స్తూపాలు, విహారాలు, గుళ్లు, స్నానఘట్టాలు, మెట్లున్న ప్రదర్శనశాల. 1926లో శిథిలాలు బయటి ప్రపంచానికి తెలిశాయి. ఆ వెంటనే లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు చేశాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసే నాటికి లోయ మునుగుతుందని ఖాయమైంది. దాంతో 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ మొత్తాన్ని గాలించినట్టు తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను రాయి తర్వాత రాయి విప్పి కొండ మీదికీ, అవతలి ఒడ్డున అనుపుకూ తీసుకుపోయి మళ్లీ పేర్చారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. మిగిలిన కొండ శిఖరమే ఇప్పుడు మనం దిగే ద్వీపం.

మన ఒడ్డున కూడా ఇదే కథ. అప్పటి దేవరకొండ తాలూకాలోని ఏలేశ్వరంలో మునకకు ముందు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. బృహత్ శిలాయుగపు సమాధుల నుంచి ఇక్ష్వాకుల కాలం దాకా, ఆ తర్వాతి కాలాలవి కూడా ఆనవాళ్లు దొరికాయి. ఏలేశ్వరం గట్టు ఇప్పుడు నీళ్ల నడుమ నిలిచింది. శివరాత్రికి అక్కడికి లాంచీల్లో పోతారు. మా పిల్లల్లో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులతో పోయినవాళ్లే. అయితే కాళ్ల కింద అంత పాత ఊరున్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మ్యూజియంలో పిల్లలకు ఎక్కువగా నచ్చినవి ఆడవాళ్ల పేర్లు. రాజు చెల్లెలు చాంతిసిరి మహాచైత్యం కట్టించింది. బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించి, సింహళం నుంచి వచ్చే భిక్షువుల కోసం అంకితం చేసింది. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఈ పేర్లు రాతి మీద చెక్కి ఉన్నాయి. పదిహేడు వందల ఏండ్ల కింద ఒక స్త్రీ తన డబ్బుతో కట్టించి, తన పేరే రాయించుకున్నదని చెబితే పదో తరగతి పిల్లలు నోటుబుక్కు తీసి రాసుకున్నారు. ఛాయాస్తంభాలు కూడా అట్లాంటివే. చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన స్తంభాలవి. రాజుకే కాదు, పోరులో పడిన సైనికులకూ, పనివారి పెద్దకూ నిలిపారు. పనివాడి పేరు నిలబెట్టిన ఊరు కనుక విజయపురి మీద మాకు గౌరవం కలిగింది.

ఆ తర్వాత రాతి పనిముట్ల దగ్గర ఆగాం. లోయలో పాత రాతియుగం నుంచీ మనుషులున్నారు. చేతి గొడ్డళ్లు, గీకే రాళ్లు, నవీన శిలాయుగపు నున్నటి గొడ్డళ్లు దొరికాయి. ఎనిమిదో తరగతి చదివే ఒక చెంచు పిల్ల చాలాసేపు అద్దానికి ముక్కు ఆనించి చూసి, “మేడం, ఇవి ఎవరివి?” అని అడిగింది. కింద రాసి ఉన్నది చదివి చెప్పాం. “అది కాలం పేరు కదా మేడం. మనిషి పేరు లేదా?” అంది.

లేదు. అక్కడ లేకపోవడానికి కారణముంది, ఆ కాలంలో రాత లేదు. అంతవరకు సమాధానం సులువు. కానీ వెనక నుంచి ఇంకో పిల్ల నవ్వుతూ, “ఆదిమానవులు, మీవాళ్లే” అన్నది. దాంతో అందరూ నవ్వారు. అడిగిన పిల్ల తల దించుకుంది.

మేము ఆ మాటను చాలా ఏండ్లుగా వింటున్నాం. సాంఘికశాస్త్రం పాఠంలో ఆకులు కట్టుకొని, చేతిలో బరిసె పట్టుకున్న బొమ్మ ఒకటి ఉంటుంది. ఆ పాఠం చెప్పే రోజున తరగతిలో కళ్లన్నీ చెంచు పిల్లల వైపు తిరుగుతాయి. ఉపాధ్యాయ శిక్షణలో మాకు ఆ పాఠం ఎట్లా చెప్పాలో నేర్పారు గానీ, ఆ చూపులను ఏం చేయాలో నేర్పలేదు. మేము కూడా చాలాకాలం పాఠం ముగించి పేజీ తిప్పేసినవాళ్లమే. అందుకే ఆ రోజు లాంచీ కోసం ఎదురుచూస్తూ చెట్టు కింద పులిహోర పొట్లాలు విప్పినప్పుడు, పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆ సంగతే మాట్లాడాం. చెంచులు రాతియుగంలో మిగిలిపోయినవాళ్లు కాదు. ఆ రాతి గొడ్డలి చేసిన మనిషి మనందరికీ ముత్తాతే. చెంచు తాత గడ్డలు తవ్వే కోలకు ఇనుప మొన ఉంటుంది. ఆ ఇనుము మైదానం ఊళ్లలోని కమ్మరి దగ్గర నుంచి వచ్చింది. తేనె ఇచ్చి ఇనుము తెచ్చుకున్న మనిషికి బజారు తెలుసు, ధర తెలుసు, కాలం కూడా తెలుసు. ఆ మనిషికి చరిత్ర లేదనడం మన తెలివితక్కువతనం.

అట్లా నవ్విన పిల్ల తండా బిడ్డే. ఆమెకు వాళ్ల చరిత్ర కూడా చెప్పాల్సి వచ్చింది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే దారుల్లో పది, పన్నెండు వేల ఎద్దుల బిడారులను చూశానని రాశాడు. ఆ బిడారుల వాళ్లు నాలుగు తెగలని, ఒక తెగ ధాన్యమే, ఒకటి బియ్యమే, ఒకటి పప్పులే, ఇంకొకటి ఉప్పే మోస్తుందని కూడా రాశాడు. మన పెద్దలు ‘లదేణి’ అనేది అదే. సైన్యాలకు తిండి మోసినవాళ్లు, సముద్రపు ఉప్పును దక్కన్ ఊళ్లకు చేర్చినవాళ్లు లంబాడాలు. రైళ్లు వచ్చాక, ఉప్పు సర్కారు చేతిలోకి పోయాక ఆ ఎద్దుల బతుకు ఆగిపోయింది. 1871లో బ్రిటిష్‌వాళ్లు నేర తెగల చట్టం తెచ్చారు. తిరిగే మనుషులను పుట్టుకతోనే దొంగలుగా రాసుకునే చట్టం అది. బంజారాల మీద కూడా దాన్ని ప్రయోగించారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ అది పూర్తిగా రద్దు కాలేదు. తెలంగాణలో లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలోకి వచ్చింది 1976 చట్టంతో. తండాలు పంచాయతీలైంది 2018 చట్టంతో. ఈ సంవత్సరాలను బోర్డు మీద రాయకుండా వేలి మీద లెక్కపెట్టి చెప్పాం. నవ్విన పిల్ల మళ్లీ నవ్వలేదు. తిరుగు ప్రయాణంలో ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు.

రెండో దారి శ్రీశైలానిది. దాని మీద మళ్లీ నెలకు బయలుదేరాం. మన్ననూర్ దాటితే రోడ్డుకు రెండు వైపులా అమ్రాబాద్ అడవి. చెంచు పిల్లలకు అది వాళ్ల ఇంటి దారి. ఈసారి చెప్పేవాళ్లు వాళ్లు, వినేవాళ్లం మేము. ఏ చెట్టు బంక తీస్తారో, ఏ లోయలో సలేశ్వరం జాతర జరుగుతుందో, చైత్ర పౌర్ణమికి ఎంత మంది వస్తారో వాళ్లే చెప్పారు. శ్రీశైలం మల్లన్న తమకు అల్లుడవుతాడని ఒక పిల్ల అంటే బస్సంతా చప్పట్లు కొట్టింది.

గుడిలో దర్శనం తొందరగానే అయింది. అసలు సమయం గడిపింది బయటి ప్రాకారం గోడ దగ్గర. విజయనగర కాలపు ఆ గోడ చుట్టూ వరుసలు వరుసలుగా బొమ్మలు చెక్కి ఉన్నాయి. ఏనుగులు, గుర్రాలు, ఊరేగింపులు, శివుని కథలు, వాటి నడుమ వేట దృశ్యాలు. విల్లు పట్టిన మనుషులను వెతకమని పందెం పెట్టాం. చెంచు పిల్లలే ముందు కనిపెట్టారు. ఆ బొమ్మలు చెంచులవేనని మేము రుజువు చూపలేం. కానీ శతాబ్దాలుగా ఈ కొండ ఎక్కిన యాత్రికులకు దారి చూపినవాళ్లు, కావలి కాసినవాళ్లు ఎవరో ఈ ప్రాంతం అంతటికీ తెలుసు. శ్రీశైలంలోనే చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం ఉంది. అక్కడ పనిముట్లు, నగలు, వాద్యాలు చూశారు. “మా నాయనమ్మ దగ్గర ఇంతకంటే మంచిది ఉంది” అనే మాట ఆ గదిలో నాలుగైదు సార్లు వినిపించింది.

1940లో ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల గురించి పుస్తకం అచ్చువేశాడు. ఆయన తీసిన ఫొటోలు, సినిమా రీళ్లు ఇప్పుడు లండన్ విశ్వవిద్యాలయంలోని ఒక సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆయన శ్రద్ధను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అంత ఓపికగా మన పెంటల్లో ఉండి రాసినవాళ్లు అప్పట్లో మన వాళ్లలో ఎవరు? అయినా మాకు ఒక మాట నొప్పిగానే ఉంటుంది. మా పిల్లల్లో ఒకరి ముత్తవ్వ ముఖం ఆ ఫొటోల్లో ఉండొచ్చు. ఆ పిల్ల ఇంట్లో మాత్రం ఆ ముత్తవ్వ ఫొటో ఒక్కటి కూడా లేదు.

యాత్రకు ముందు మేము వేరే దేశాల్లో పిల్లలను ఇట్లాంటి చోట్లకు ఎట్లా తీసుకుపోతారో చదివాం. దక్షిణ మెక్సికోలో వహాకా అనే రాష్ట్రం ఉంది. అక్కడి మోంటె అల్బాన్ కొండ మీద క్రీ.పూ. 500 ప్రాంతంలో జపోటెక్ ప్రజలు కట్టిన నగరం చూడటానికి విద్యార్థులు పోతారు. ఆ ప్రజల వారసులు ఇప్పటికీ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు, అదే భాష మాట్లాడతారు. అట్లాంటి ఒక ఊరు సాంతా అనా. 1980లలో ఆ ఊరి నడిబొడ్డున పని చేస్తుంటే పాత సమాధులు బయటపడ్డాయి. ఆ వస్తువులు పట్నం పోకుండా ఊరిలోనే ఉంచాలని ఊరివాళ్లు కూర్చొని తీర్మానించారు. 1986లో అక్కడే చిన్న మ్యూజియం తెరిచారు. దానికి పేరు కూడా తమ భాషలోనే పెట్టుకున్నారు, ‘కొండ పాదం’ అని అర్థం. పాత కుండల పక్కన ఊరివాళ్ల నేత పని కూడా పెట్టుకున్నారు. మనకు ఇక్కడ అది అసాధ్యమేమీ కాదు. వాళ్లు కూడా వ్యవసాయం, మగ్గం చేసుకునేవాళ్లే.

ఇంకో మాట కూడా చెప్పాలి. విజయపురి రాళ్లను అంత జాగ్రత్తగా ఎత్తైన చోటికి చేర్చారు, మంచి పని. అదే నీళ్లకు ఊళ్లు వదిలిన మనుషుల వివరాలు ఆ ద్వీపంలో మాకు కనిపించలేదు. ఇవాళ పులుల అభయారణ్యం లోపలి పెంటలను బయటికి తరలించే మాట మళ్లీ మళ్లీ వస్తున్నది. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు నల్లమల జనం ఎదురు నిలిచారు, చివరికి శాసనసభ వద్దని తీర్మానం చేసింది. పెంట కదిలితే దాని పేరు, దాని దేవత చెట్టు, దాని బావి, ఎవరు ఎప్పుడు కట్టిన గుడిసె అనే లెక్క అన్నీ పోతాయి. రాళ్లకు చేసినట్టు వాటికి పటం గీసి, ఒక్కొక్కటీ రాసి ఉంచేవాళ్లు కావాలి. ఆ పని మా పిల్లలు చేయగలరు, వాళ్లకు భాష తెలుసు, దారి తెలుసు.

దసరా సెలవుల తర్వాత మా చదువుకునే గదిలో ఒక పాత బీరువా ఖాళీ చేశాం. ఇంటి నుంచి ఒక్కో వస్తువు తెచ్చి, కొన్నాళ్లు ఉంచి, మళ్లీ ఇంటికి తీసుకుపోవాలని నియమం. ఇల్లు ఖాళీ చేసి మ్యూజియం నింపడం మాకు ఇష్టం లేదు. అద్దాలు కుట్టిన కాంచళి ముక్క ఒకటి వచ్చింది. పగిలిన బలియా ఒకటి, ఎద్దు మెడ గంట ఒకటి వచ్చాయి. గంట తెచ్చింది ఆ రోజు నవ్విన పిల్లే. వాళ్ల తాత తాత లదేణిలో నడిచిన ఎద్దుదని దాది చెప్పిందట. నిజమో కాదో తేల్చలేం గానీ, “దాది చెప్పింది” అని కూడా రాయమన్నాం. చెప్పిందెవరో రాయడం కూడా చరిత్రలో భాగమే కదా.

ప్రతి వస్తువు కింద కాగితం మీద నాలుగు వరుసలు ఉండాలి: వస్తువు పేరు ఇంటి భాషలో, చేసినవాళ్ల పేరు, ఊరి పేరు, ఏ సంవత్సరం. చెంచు పిల్ల గడ్డలు తవ్వే కోల తెచ్చింది. చేసినవాళ్ల పేరు దగ్గర ముందు తాత పేరు రాసింది, తర్వాత ఇనుప మొన కొట్టిన కమ్మరి పేరు కూడా రాయాలని కొట్టివేసి మళ్లీ రాసింది. సంవత్సరం దగ్గర ఖాళీ వదిలింది. సంక్రాంతికి పెంటకు పోయినప్పుడు తాతను అడిగి వచ్చి నింపుతానన్నది.