అదును తప్పిన చిత్రావతి

మే నెల, కోడికూత వేళ. కర్ణాటకలోని పరగోడు డ్యాం కిందికి, నది మధ్యకు నడవండి. బండలింకా నిన్నటి ఎండను వదల్లేదు, అరికాళ్లకు వెచ్చగా తగులుతాయి. వాటి నడుమ నాలుగు మంచాలు పట్టేంత మడుగు. ఇక్కడ చిత్రావతి అంటే ఈ పొద్దుకు ఇదే.

వంగి చూడండి. పరిగెలు నీటి పైపొరకు నోళ్లు ఆనించి గుటకలేస్తున్నాయి. రాత్రంతా పాచి, చేపలు కలిసి నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేసుకున్నాయి. ఎండ పడితేగానీ పాచి మళ్లీ దాన్ని తయారు చేయదు. పైగా నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ నిలవదు: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగేది, 30 డిగ్రీలకు ఏడున్నరకు దిగుతుంది. అదే వేడికి చేపకు మరింత ఊపిరి కావాలి. ఇంతలో బుడుంగుమని ఒక కొరమీను పైకొచ్చి, గాలి మింగి, బురదలోకి జారుకుంది. గాలి పీల్చుకునే అర దానికి తలలోనే ఉంది.

“ఏం జూస్తాండావు సామీ?”

వెనక గొర్రెల పెద్దాయన. కర్రతో ఒడ్డు చూపిస్తాడు. “తాబేలు ఆడ పూడుకోని ఉంటాది. నీళ్లొస్తే లేస్తాది.”

చిక్కబళ్లాపురం కొండల్లో పుట్టి, పుట్టపర్తి మీదుగా పెన్నలో కలిసే ఈ నది ఏడాది పొడుగునా పారేది కాదు. ఎండిపోవడం దీని ప్రాణులకు పాత సంగతే. కాచుకోవడం వాటికి తెలుసు.

మరి చిక్కెక్కడ? నాలుగడుగులేసి ఆ బండ గుంటలోకి చూడండి. పది రోజుల కిందట ఒక వాన పడింది. ఆ రాత్రి మగ బోదురు కప్పలు పసుపు పూసుకున్నట్టు రంగు మారి, తెల్లవార్లూ అరిచాయి; ఆడవి గుడ్లు పెట్టాయి. మళ్లీ చినుకు లేదు. గుంటలో దోసెడు నీళ్లు. అందులో నల్లగా, ఆవగింజలు పోసినట్టు, తోకకప్పలు. కాళ్లొచ్చి గట్టెక్కాలంటే వాటికి ఇంకా వారాలు పడుతుంది. అంచున ఉన్నవి అప్పుడే రాతికి అంటుకుపోయాయి.

“వాన లేదని గాదు సామీ,” అంటాడు పెద్దాయన. “వస్తే ఒకేతూరి దంచుతాది. లేకుంటే మొగం జూపీదు. అదును తప్పింది.”

శాస్త్రం చెప్పేదీ దాదాపు అదే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అందుకే వాన పడినప్పుడు మరింత గట్టిగా కుమ్మరిస్తుంది. 2021 నవంబరులో ఇదే చిత్రావతి అనంతపురం జిల్లాలో పొంగితే, వరదలో చిక్కిన 10 మందిని వాయుసేన హెలికాప్టర్‌తో తీయాల్సి వచ్చింది. రెండేళ్లు తిరక్కముందే, 2023లో, కర్ణాటక 236 తాలూకాల్లో 223 కరువు తాలూకాలయ్యాయి. వరద ఒడ్డును కోసుకుపోతే తాబేలుకు పూడుకునే చోటు పోతుంది. కరువు సాగితే దాని ఓపిక పోతుంది.

రెక్కల చప్పుడు. ఎర్రకాళ్ల కొంగ ఒకటి మడుగు అంచున దిగింది. ఆంధ్ర సరిహద్దుకు అవతల, చిలమత్తూరు మండలం వీరాపురంలో వీటి గూళ్లు చింతచెట్ల నిండా ఉంటాయి. పిల్లలు బెదురుతాయని ఊళ్లో టపాసులు కాల్చరు. చూడండి, ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఆడిస్తోంది. కంటితో వెతకదు, చేప తగిలితే టక్కున మూస్తుంది. ఆ వేటకు మోకాటి లోతు నీళ్లు కావాలి. చెరువు నిండితే కాలు ఆనదు, ఎండితే చేప ఉండదు. గూటిలో పిల్లలున్న నెలల్లోనే ఆ లోతు కుదరాలి. కొంగకూ అదునే.

పొద్దెక్కింది. పెద్దాయన ఇసుకలో కూచుని చేతులతో చెలిమ తవ్వుతున్నాడు. మణికట్టు దాకా పొడి. మోచెయ్యి దాకా పొడి. భుజం దాకా వంగితే వేళ్లకు తడి తగిలింది.

“ఊరాల,” అంటాడు.

ఆయన పక్కన కూచోండి. గొర్రెలు చుట్టూ చేరి, తలలు వంచి నిలబడ్డాయి.