రెండు సపోర్టర్లు, ఒక కుట్టుమిషను

1977 వేసవి. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, బర్లింగ్టన్ ఊరు. లీసా లిండాల్ ఇంట్లో ఫోను మోగింది. అవతల తోబుట్టువు. ఆమె కొత్తగా పరుగు మొదలుపెట్టింది. ఒక్క సంగతి మాత్రం ఎవరినీ అడగలేకపోతోంది. చెల్లెలో అక్కో అయితే అడగొచ్చు కదా, అడిగేసింది. పరిగెత్తేటప్పుడు రొమ్ములతో ఎలా వేగుతున్నావు?

లీసా దగ్గరా జవాబు లేదు. వారానికి ముప్పై మైళ్ల దాకా పరిగెత్తే మనిషి ఆమె. ఒక సైజు తక్కువ బ్రా బిగించుకుని నెట్టుకొస్తోంది. మగవాళ్లకు ఆటల్లో బిగించుకునే సపోర్టర్ (జాక్‌స్ట్రాప్) ఉందిగా, ఆడవాళ్లకెందుకు లేదని ఫోనులోనే ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు.

ఫోను పెట్టేశాక లీసా కాగితం తీసుకుంది. భుజాల మీంచి పట్టీలు జారకూడదు. కొక్కేలూ కుట్లూ ఒంటికి ఒరుసుకోకూడదు. గాలి ఆడాలి. ఊగకుండా పట్టి ఉంచాలి.

కుట్టే చెయ్యి ఇంట్లోనే ఉంది. చిన్ననాటి నేస్తం పాలీ స్మిత్ ఆ వేసవిలో అక్కడ షేక్‌స్పియర్ నాటకోత్సవానికి దుస్తులు కుడుతూ లీసా ఇంట్లోనే గది తీసుకుంది. ఆమెకు సాయంగా పనిచేస్తున్న హిండా ష్రైబర్ కూడా జత కలిసింది. కత్తిరించారు, కుట్టారు, తొడుక్కుని చూశారు, విప్పి పడేశారు. ఏదీ కుదరలేదు.

ఒకరోజు లీసా భర్త తన సపోర్టర్‌ను ఛాతీకి తగిలించుకుని వేళాకోళంగా మేడ దిగి వచ్చాడు. అంతా నవ్వారు. లీసా దాన్ని లాక్కుని తను తగిలించుకుంది. అక్కడే గెంతి చూసింది. నవ్వు ఆగింది.

పాలీ రెండు సపోర్టర్లు తెప్పించి కుట్లు విప్పింది. నడుముకుండే వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ పక్కటెముకల చుట్టూ చేరింది. కాళ్లకుండే పట్టీలు వీపు మీద ఒకదాన్నొకటి దాటి భుజాలెక్కాయి. రెండు సంచులూ కలిసి ముందుభాగమయ్యాయి. అది తొడుక్కుని లీసా పరుగు తీసింది. హిండా ఆమె ముందు వెనక్కి పరిగెడుతూ, ఎంత కదులుతోందో కళ్లార్పకుండా చూసింది. ఈసారి నిలిచింది.

మొదట పెట్టిన పేరు జాక్‌బ్రా. వినడానికి మోటుగా ఉందని జాగ్‌బ్రాగా మార్చారు. హిండా తండ్రి 5,000 డాలర్లు అప్పిచ్చాడు. లోదుస్తుల కొట్లకు కాకుండా ఆటవస్తువుల కొట్లకు పట్టుకెళ్లారు. బూట్ల లాగే ఇదీ ఆటసామానేనని వాళ్ల వాదన. 1979 నవంబరు 20న పేటెంటు వచ్చింది. 1990లో కంపెనీని ప్లేటెక్స్ కొనుక్కుంది. 2022లో ముగ్గురి పేర్లూ అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాకెక్కాయి.

ఆ కుట్టులో కిటుకేమిటి? రొమ్ములో కండ ఉండదు. దాన్ని నిలిపేవి పైనున్న చర్మం, లోపలి కూపర్ లిగమెంట్లనే సన్నని తంతువులు, అంతే. పరుగులో రొమ్ము పైకీ కిందికీ మాత్రమే ఊగదు, పక్కలకూ ముందుకూ వెనక్కూ కదులుతుంది. కొన్ని బ్రాలు ఛాతీకి అదిమి పట్టి ఆపుతాయి. కొన్ని రెండింటికీ విడివిడిగా కప్పులిచ్చి ఆపుతాయి. ఛాతీ పెద్దదైనవాళ్లకు అదిమితే చాలదు, కప్పులు కావాలి. రెండు రకాల్లోనూ బరువు ఎక్కువగా మోయాల్సింది కింది పట్టీయే. భుజం మీద పట్టీ కోసుకుపోతోందంటే చాలాసార్లు కింది పట్టీ వదులైందని అర్థం.

ఇక మన సంగతి. కర్ణాటకలోని రాయచూరు జిల్లా పత్తికి పేరు. సింధనూరు, మాన్వి తాలూకాల్లో తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ల వెంట కోస్తా నుంచి వచ్చి వెలిసిన తెలుగు క్యాంపులు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి ఎండకు నూలును మించిన బట్ట లేదని పెద్దవాళ్ల మాట. రోజువారీకి నిజమే. పరుగుకు మాత్రం చెల్లదు. నూలు చెమటను పీల్చి తనలోనే ఉంచుకుంటుంది. తడిసిన బట్ట బరువెక్కి ఒరుసుకుంటుంది. అందుకే ఆట బ్రాల్లో త్వరగా ఆరే నైలాను, పాలిస్టరు దారాలకు సాగే స్పాండెక్స్ కలుపుతారు.

బట్ట చిక్కు అలా తీరింది. సిగ్గు చిక్కు తీరలేదు. పోలీసు ఉద్యోగానికని తెల్లవారుజామున పరుగు తీసే అమ్మాయిల్ని అడిగితే తెలుస్తుంది. ఒకదాని మీద ఒకటి రెండు బాడీలు, పైన చున్నీ, దానికి పిన్నీసు. కొట్లో గల్లా అవతలి మగమనిషి సైజెంతమ్మా అంటే, తల వంచుకుని నోటికొచ్చిన అంకె చెప్పి, కాగితంలో చుట్టిచ్చింది తెచ్చుకోవడం. నొప్పి వస్తే పరుగు మానేయడం.

బర్లింగ్టన్‌లో మొదట పుట్టింది బ్రా కాదు, ప్రశ్న. అమ్మలూ, అక్కలూ, వ్యాయామం పంతులమ్మలూ, మీ పిల్ల నోరు తెరవకముందే ఆ ప్రశ్న మీరే అడగండి. రొమ్ముల కింద టేపు పెట్టి కొలత తీయండి. కొన్న బ్రా తొడిగి పదిసార్లు గెంతమనండి. చేతులు పైకెత్తితే కింది పట్టీ ఎగబాకకూడదు, ఆ పట్టీలో రెండు వేళ్లకు మించి పట్టకూడదు, గట్టిగా ఊపిరి తీస్తే బిగుసుకోకూడదు. సాగి వదులైతే పారేసి కొత్తది కొనండి. బూట్లకు డబ్బు తీసిన రోజే దీనికీ తీయండి.