కొల్లేటి జాగిలం కొలువు పోయిన కథ

జర్మన్ షెపర్డ్ పేరులో ఆ 'షెపర్డ్' ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? మన అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎదురై గుండె ఝల్లుమనిపించే ఆ కుక్క అసలు వృత్తి గొర్రెలు కాయడం. పోలీసు జాగిలాల్లో ఇప్పుడు పేరు మోగిపోతున్న బెల్జియన్ మాలినోయిదీ అదే వృత్తి. మరి మందని తోలే కుక్క మన తెలుగువాళ్ళకి లేదా అంటే, నా స్నేహితుల్లో నూటికి తొంభై మంది లేదనే అన్నారు. ఉందండీ. అదీ ఏ కొండల్లోనో కాదు, మన ఉండి, ఆకివీడు, కైకలూరు వైపు, కొల్లేటి ఒడ్డున. పేరు జోనంగి. కొల్లేటి జాగిలం అని కూడా అంటారు.

పొట్టి, నున్నటి బొచ్చు. నుదుటి మీద ముడతలు. మొరగడం తక్కువ, ఒక రకమైన కూత ఎక్కువ. నేలలో గుంట తవ్వుకుని పడుకోవడం దీని అలవాటు. ఒకప్పుడు వేటకి వాడేవారు. ఇహ కొల్లేటి వైపు దీనికి దొరికిన చిత్రమైన ఉద్యోగం, బాతుల్ని తోలడం.

డెల్టాలో సార్వా కోతలయ్యాక బాతుల మందల్ని చేలల్లోకి దించుతారు. రాలిన గింజలు, నత్తలు, పురుగులు వాటి మేత. ఒక చేను అయ్యాక ఇంకో చేనికి, గట్టు దాటించి, బోదె దాటించి, పక్కవాడి పచ్చని చేలో పడకుండా తీసుకెళ్ళాలి. కర్ర పట్టుకున్న మనిషి ఒకవైపే ఉండగలడు. రెండోవైపు కుక్క ఉంటే ఆ సుఖమే వేరు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. వేటకుక్కకి బాతుని అప్పజెప్పడమేమిటి? గొర్రెకైతే ఉన్ని ఉంది, ఒక పంటిగాటు పడినా బతుకుతుంది. బాతు నోట పడితే అంతే సంగతులు.

దీనికి సమాధానం రేమండ్ కాపింజర్, లోర్నా కాపింజర్ అనే అమెరికన్ దంపతుల పనిలో దొరుకుతుంది. 1970ల చివరి నుంచీ వాళ్ళు పనిచేసే కుక్కల మీద పరిశోధనలు చేశారు. తోడేలు వేటంతా ఒక వరస. చూడటం, కన్నార్పకుండా నిలవడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం. మన భాషలో చెప్పాలంటే ఇవి ఒకదాన్నొకటి పిలిచే ఫంక్షన్లు. మంద తోలే కుక్కలో మొదటి నాలుగూ బలంగా పనిచేస్తాయి, చివరి రెండూ కామెంట్ చేసి ఉంటాయి. కాపలా కుక్కలో మొత్తం వరసే దాదాపు నిద్రపోతుంది. ఈ తేడాలో కొంత ఎంపిక వల్ల వస్తుంది, కొంత పెంపకం వల్ల. పుట్టిన మొదటి పదహారు వారాల్లో కుక్కపిల్ల ఎవరి మధ్య పెరిగితే వాళ్ళే దాని కుటుంబం. బాతుల మధ్య పెరిగిన జోనంగికి బాతు వేట కాదు, ఇంటి మనిషి అన్నమాట.

ఇంకో తమాషా. ఇంగ్లండులో, అమెరికాలో లేత కుక్కలకి తొలి పాఠాలు చాలాచోట్ల బాతులతోనే మొదలుపెడతారు. బాతులు విడిపోకుండా గుంపుగా నడుస్తాయి, గొర్రెల్లా పరుగెత్తవు. ఆగమంటే ఆగడం, యజమానికి ఎదురువైపు నిలబడి మందని ఆయన వైపు తేవడం, కుడి నుంచి, ఎడమ నుంచి చుట్టి రావడం... పాఠాల క్రమం అది. ఆ పనికి ఎక్కువగా వాడే బాతు పేరు ఇండియన్ రన్నర్. (పేరులో ఇండియా ఉన్నా అది ఇండోనేసియా బాతు.) వాళ్ళకి శిక్షణలో తొలిమెట్టు అయిన పనే మన జోనంగికి జీవనోపాధి.

మరి ఆ ఉపాధి ఏమైంది? కొల్లేటి చుట్టూ వరి చేలు చేపల చెరువులయ్యాయి. 1980ల నుంచీ అది ఊపందుకుంది. కోసిన చేను లేకపోతే బాతులకి మేత లేదు, బాతులు లేకపోతే కుక్కకి పని లేదు. పని లేని వేటకుక్క ఊరుకుంటుందా? చెరువుల్లో చేపలు పట్టి తినడం మొదలెట్టింది. నిన్నటిదాకా పెంచిన చేతులే దాన్ని చంపాయి. మనవాళ్ళని బెంచి మీద పెడితే కనీసం నోటీసైనా ఇస్తారు.

కొల్లేటి పక్షులకి 1999లో అభయారణ్యం వచ్చింది. 2002లో సరస్సుకి రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని అభయారణ్యంలోని చెరువుల గట్లు కొట్టేశారు. చేయాల్సిందే, కాదనను. కుక్క మాత్రం ఎవరి ఫైల్లోనూ లేదు. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల మీద స్టాంపులు వేసింది. హిమాలయన్ షీప్ డాగ్, రాంపూర్, ముధోల్, రాజపాళయం. జోనంగి అందులోనూ లేదు.

పని పోవడం ఒక్క మన కుక్కకే జరగలేదు. జర్మనీలో పరిశ్రమలు పెరిగి గొర్రెల మందలు తగ్గాయి. 1899లో జర్మన్ షెపర్డ్ సంఘం పెట్టిన మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్, మంద పోయినా కుక్క పోకూడదని దాన్ని పోలీసుల దగ్గరికి, సైన్యం దగ్గరికి తీసుకెళ్ళాడు. అంటే ఉద్యోగం మార్పించాడు. బ్రిటన్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. 1873లో వేల్స్‌లోని బాలాలో కుక్కల మంద తోలే పోటీ పెట్టారు. 1906లో అంతర్జాతీయ షీప్ డాగ్ సొసైటీ వచ్చింది. వాళ్ళ పుస్తకంలో వంశవృక్షం లేని కుక్కైనా పనిలో నెగ్గి చూపిస్తే పేరెక్కించుకోవచ్చు. ఈనాటి బోర్డర్ కోలీల్లో దాదాపు అన్నిటికీ మూలపురుషుడు 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్. దాన్ని అంతమంది కోరుకున్నది అందానికి కాదు, అరుపులూ కాట్లూ లేకుండా చూపుతోనే గొర్రెల్ని కదిలించినందుకు. 1995లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తిస్తానంటే గొర్రెల కాపరులే వద్దన్నారు. రూపం చూసి మార్కులేస్తే పని చచ్చిపోతుందని వాళ్ళ భయం.

ఆ భయమే నాదీ. ఇప్పుడు జోనంగిని బతికించాలని కొందరు పూనుకున్నారు, సంతోషం. కానీ ముడతలు, రంగు, ఎత్తు చూసి పిల్లల్ని అమ్ముకుంటూ పోతే ఇరవై ఏళ్ళకి మిగిలేది జోనంగి ఫోటో. ఇంటర్ఫేస్ ఉంటుంది, లోపల కోడ్ ఉండదు.

దానికి కొత్త పని దొరకదా? 1999లో ఫ్లోరిడాలోని ఫోర్ట్ మైయర్స్ విమానాశ్రయం రన్‌వే మీద పక్షుల్ని తోలడానికి ఒక బోర్డర్ కోలీని పెట్టుకుంది. ఉండి, ఆకివీడు చేపల రైతుకి నీటికాకుల బాధ తెలియనిదా? అభయారణ్యం బయట, గట్టు మీద తిరుగుతూ చేపని ముట్టకుండా, పక్షికి హాని చేయకుండా అదిలించే జోనంగిని తయారుచేయగలమా? చిన్నప్పుడే బాతుని ముట్టకూడదని నేర్చిన కుక్కకి చేపని ముట్టకూడదని నేర్పలేమా? ఉండిలోనే చేపల పరిశోధనా కేంద్రం ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. నాలుగు పిల్లలు, రెండు చెరువులు, ఒక సీజను చాలు, తేలిపోతుంది. కుదరకపోతే కుదరలేదని రాసి పెట్టుకుందాం.

ఈలోగా చేయాల్సింది ఇంకోటుంది. జోనంగితో బాతులు కాసిన పెద్దవాళ్ళు ఎవరైనా మీ ఊళ్ళో ఉంటే, ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు కూర్చోబెట్టి అడగండి. ఏ పిల్లని ఏరుకునేవారు, ఏమని పిలిచేవారు, బాతుని కరిస్తే ఏం చేసేవారు అని. ఫోనులో రికార్డు చేయండి. ఆ కుక్క డాక్యుమెంటేషన్ అంతా వాళ్ళ నోట్లోనే ఉంది, బ్యాకప్ లేదు.