యంత్రం పాతదా, ఆదేశాలు పాతవా? పాత కంప్యూటర్లు, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లు: ఒక చారిత్రక పరిశీలన

1.0 ఉద్దేశం

యంత్రం ఎప్పుడు పాతబడుతుంది? అరిగిపోయినప్పుడు అని సాధారణంగా అనుకుంటాం. కాని ఆధునిక కాలంలో చాలా యంత్రాలు బాగా పనిచేస్తుండగానే మూలనపడ్డాయి. కంపెనీ మద్దతు ఆగిపోయిన కంప్యూటర్లపై కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లను నడపడం అనే విషయాన్ని ఈ భాగంలో చరిత్ర దృష్టితో పరిశీలిద్దాం. దీన్ని చదివిన తరువాత మీరు యంత్రానికీ, దాన్ని నడిపే ఆదేశాలకూ గల తేడాను వివరించగలగాలి. 'ఈ కంప్యూటర్ ఇక పనికిరాదు' అనే మాట వెనుక ఉన్న కారణాన్ని గుర్తించగలగాలి.

1.1 దారి మారినప్పుడు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలను కలిపే బెంగళూరు–గుంతకల్లు రైలు మార్గం మొదట మీటరు గేజి మార్గం. అందులో పట్టాల మధ్య దూరం 1,000 మిల్లీమీటర్లు. బ్రాడ్ గేజిలో అది 1,676 మిల్లీమీటర్లు. గేజి మార్చిన తరువాత, ఎంత మంచి స్థితిలో ఉన్నా మీటరు గేజి ఇంజను ఆ దారిలో నడవలేదు. మీటరు గేజి మిగిలి ఉన్న మరో మార్గానికి అది తరలిపోవాలి, లేదా తుక్కు కింద పోవాలి. ఇక్కడ ఇంజను చెడిపోలేదు, దారి మారింది. యంత్రం ఆయుష్షు దాని చుట్టూ ఉన్న ఏర్పాటుపై కూడా ఆధారపడుతుందని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

1.2 ధర్మవరం మగ్గం చెప్పే సంగతి

ధర్మవరం పట్టుచీరల అంచుల్లో, కొంగుల్లో కనిపించే జరీ పనికి జకార్డు సాధనాన్ని వాడతారు. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరానికి చెందిన జోసెఫ్ మారీ జకార్డు 1804 నాటికి దీన్ని రూపొందించాడు. డిజైన్‌ను రంధ్రాలు పొడిచిన అట్టల రూపంలో మగ్గంపై అమరుస్తారు. రంధ్రం ఉన్నచోట కొక్కెం లేచి పడుగు దారాన్ని పైకెత్తుతుంది. రంధ్రం లేనిచోట దారం కదలదు. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకకు ఆదేశం. అట్టల దండ మార్చితే అదే మగ్గంపై వేరే డిజైన్ వస్తుంది.

కంప్యూటర్ చరిత్రకు మూలమైన భావం ఇదే. యంత్రం వేరు, దానికిచ్చే ఆదేశాలు వేరు. 1830లలో చార్లెస్ బాబేజ్ తాను ఊహించిన గణన యంత్రానికి ఈ అట్టల పద్ధతినే తీసుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కల కోసం హెర్మన్ హాలెరిత్ రంధ్రాల కార్డులను వాడాడు.

అయితే ఒక తేడా గమనించండి. మగ్గం అట్టలు కళ్ళెదుటే ఉంటాయి. పని తెలిసినవారు వాటిని చదవగలరు, పాడైన అట్టను మార్చగలరు, కొత్తవి కొట్టించుకోగలరు. అందుకే మగ్గం ఎంత పాతదైనా కొత్త డిజైన్‌కు లొంగుతుంది. ఆ అట్టలు తయారుచేసే అధికారం ఒకే కంపెనీ చేతిలో ఉండి, అది ఒకరోజు మానేస్తే ఏమవుతుంది? ఇల్లిల్లూ వాడే కంప్యూటర్ల విషయంలో జరిగింది అదే.

1.3 మద్దతు గడువులు

మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఎక్స్‌పీని 2001లో విడుదల చేసింది. దానికి మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ఆగిపోయింది. మద్దతు ఆగిన మరునాడు కంప్యూటర్ నిలిచిపోదు. కాని కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతులు అందవు.

ఇది చిన్న విషయం కాదు. 2017 మేలో 'వానక్రై' అనే మాల్‌వేర్ ప్రపంచమంతటా వ్యాపించి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారినపడ్డాయి. మద్దతు ఉన్న సిస్టమ్‌లకు అవసరమైన మరమ్మతును మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో ఇచ్చింది. దాన్ని వేసుకోని యంత్రాలు దెబ్బతిన్నాయి. అంటే మద్దతు ఉండటంతో పాటు, అప్‌డేట్లు వేసుకోవడమూ ముఖ్యమే. ఈ దాడి తరువాత, మద్దతు ముగిసి మూడేళ్ళయిన ఎక్స్‌పీకి కూడా ఆ సంస్థ ప్రత్యేకంగా మరమ్మతు విడుదల చేసింది. గడువు ప్రకృతి నియమం కాదనీ, ఒక సంస్థ తీసుకునే నిర్ణయమనీ దీనివల్ల తెలుస్తుంది.

1.4 మూడు రకాల హద్దులు

పాత కంప్యూటర్‌పై కొత్త సిస్టమ్ నడవకపోవడానికి కారణాలు మూడు రకాలు.

మొదటిది వనరుల హద్దు. విండోస్ ఎక్స్‌పీకి కనీసం 64 మెగాబైట్ల ర్యామ్ చాలు. విండోస్ 7కు 1 గిగాబైట్, విండోస్ 11కు 4 గిగాబైట్లు కావాలి. అంటే ఎక్స్‌పీతో పోలిస్తే 64 రెట్లు. ర్యామ్ పెంచడం, పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టడం ద్వారా ఈ హద్దును చాలావరకు దాటవచ్చు.

రెండోది నిర్మాణపు హద్దు. ప్రాసెసర్‌కు అర్థం కాని ఆదేశాలను సిస్టమ్ వాడితే అది మొదలే కాదు. విండోస్ 11లో 24హెచ్2 అనే రూపం ఇటువంటి కొన్ని ఆదేశాలను తప్పనిసరి చేయడంతో మరీ పాత ప్రాసెసర్లపై అది తెరుచుకోదు. గేజి మారిన పట్టాల ఉదాహరణ దీనికి సరిపోతుంది.

మూడోది విధానపు హద్దు. 2021లో వచ్చిన విండోస్ 11, టీపీఎం 2.0 అనే భద్రతా సాధనాన్ని కోరింది. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం, ఆ పైవాటినే అంగీకరించింది. అందువల్ల 2016లో కొన్న మంచి కంప్యూటర్ కూడా జాబితాలో లేకుండా పోయింది. ఈ తనిఖీని తప్పించి సిస్టమ్‌ను ఎక్కించేవారున్నారు. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయని కంపెనీ హామీ ఇవ్వదు. తనిఖీ వెనుక భద్రతా కారణం ఉన్న మాట నిజమే. అయినా దాని భారం కొత్తది కొనలేని వారిపైనే ఎక్కువగా పడుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: గేజి మార్పు పై మూడు హద్దుల్లో దేనికి ఉదాహరణ? ఎందుకు?

1.5 తెరిచి ఉంచిన ఆదేశాలు

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను ఇంటెల్ 386 ప్రాసెసర్ కోసం రాయడం మొదలుపెట్టాడు. దాని మూలరూపం అందరికీ అందుబాటులో ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఈ విషయంలో అది మగ్గం అట్టల వంటిదే. తక్కువ వనరులతో నడిచే లుబుంటు, పప్పీ లినక్స్ వంటి రూపాలు దాని నుంచే పుట్టాయి. మన దేశంలో సీ-డాక్ సంస్థ 2007లో 'బాస్' లినక్స్‌ను విడుదల చేసింది. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్ రూపాన్ని తయారుచేసింది.

లినక్స్ కూడా పాత యంత్రాలను శాశ్వతంగా మోయదు. అది పుట్టిన 386 ప్రాసెసర్‌కే 2012 డిసెంబరులో మద్దతు తీసివేశారు. అయితే పాత మూలరూపం చెరిగిపోలేదు. అవసరం, నైపుణ్యం ఉన్నవారు దాన్ని కొనసాగించుకోవచ్చు. ఆ అవకాశం వాడుకదారుకు ఉందా లేదా అన్నదే అసలు తేడా.

1.6 తెలుగు ఫైళ్ళ గతి

ఈ సమస్య చరిత్ర విద్యార్థికి మరో వైపు నుంచి కూడా ఎదురవుతుంది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగు లిపికి చోటు దొరికింది. కాని మన పట్టణాల్లోని డీటీపీ కేంద్రాలు చాలాకాలం అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌తోనే పనిచేశాయి. పేజ్‌మేకర్ చివరి రూపం 2001లో వచ్చింది. ఆ పద్ధతిలో తెలుగు అక్షరాలు రోమన్ అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అందుకే కొందరు పాత ఎక్స్‌పీ యంత్రాన్ని వదులుకోలేకపోయారు.

పెనుకొండ కోటలోని శిలాశాసనాన్ని చదవడానికి లిపి, భాష తెలిస్తే చాలు. ఇరవై ఏళ్ళనాటి డీటీపీ ఫైలును చదవాలంటే యంత్రం, ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాము, ఫాంటు నాలుగూ బతికి ఉండాలి. స్థానిక పత్రికలు, సంఘాల నివేదికలు, సంచికలు ఎన్నో అలాంటి ఫైళ్ళలోనే ఉన్నాయి. రేపటి ప్రాంతీయ చరిత్రకు అవే ఆధారాలు. కాబట్టి పాత యంత్రంపై కొత్త సిస్టమ్ ఎక్కించే ముందు అందులోని ఫైళ్ళను వేరేచోట భద్రపరచాలి. తెలుగు పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మూల ఫైలును కూడా ఉంచుకోవాలి. పాత సిస్టమ్‌నే ఉంచుకోక తప్పకపోతే దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా పెట్టాలి.

1.7 సారాంశం

యంత్రం వేరు, ఆదేశాలు వేరు అన్న భావాన్ని జకార్డు మగ్గం స్పష్టం చేసింది. కంప్యూటర్ ఆ భావం మీదే ఎదిగింది. ఆదేశాలను ఎవరు రాయగలరు, ఎవరు మార్చగలరు అన్నదాన్ని బట్టి యంత్రం ఆయుష్షు నిర్ణయమవుతోంది. మీ కంప్యూటర్‌ను ఎవరైనా పనికిరానిదంటే, ఆ హద్దు వనరులదా, నిర్మాణానిదా, విధానానిదా అని అడగండి. మొదటిదానికి మరమ్మతు ఉంది. మూడోదానికి ప్రత్యామ్నాయం ఉంది. రెండోది ఎదురైనప్పుడు మాత్రమే ఆ యంత్రానికి కొత్త సిస్టమ్ దారి నిజంగా మూసుకుపోయినట్లు.

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. జకార్డు మగ్గానికీ కంప్యూటర్‌కూ గల చారిత్రక సంబంధాన్ని వివరించండి.
2. మద్దతు గడువు ఒక సంస్థ నిర్ణయమే అన్న వాదాన్ని 2017 నాటి సంఘటన ఆధారంగా చర్చించండి.
3. మీ ఊరిలో 2005కు ముందు కంప్యూటర్‌లో తయారైన ఒక తెలుగు ప్రచురణను ఎంచుకుని, దాని మూల ఫైలు ఇప్పుడు చదవడానికి వీలుగా ఉందో లేదో విచారించి ఒక పుటలో రాయండి.