అరకు రైలు ఎవరి కోసం వేశారు?

ఈసారి అరకు. అద్దాల బోగీ, టన్నెల్ రాగానే బోగీ మొత్తం వేసే కేకలు, దిగాక బొంగులో చికెన్... ఈ రీల్స్ అందరం చూశాం. మరి 1960లలో, అంత ఖర్చుపెట్టి, ఆ కొండల మీదికి బ్రాడ్‌గేజ్ లైన్ ఎవరి కోసం వేశారు?

జపాన్ ఉక్కు ఫ్యాక్టరీల కోసం.

కొంచెం వెనక్కి వెళ్దాం. తూర్పు కనుమల్లో రోడ్లు పడకముందు సరుకు మోసింది ఎద్దులు. లంబాడీలు తీరం నుంచి ఉప్పు బస్తాలు ఎద్దుల మీద వేసుకుని కనుమ దారుల్లో పైకి ఎక్కేవాళ్లు. కొండమీద పసుపు, చింతపండు, తేనె అన్నీ దొరుకుతాయి, ఉప్పు మాత్రం దొరకదు కదా. అందుకే వారపు సంతల్లో ఉప్పుకి అంత విలువ.

ఈ కనుమల్ని రైలు మొదట దాటింది అరకు దగ్గర కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ వెళ్లే లైన్ 1931లో పూర్తయింది. రెండేళ్లకి, 1933లో, విశాఖ పోర్టు మొదలైంది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఈ రెండు డేట్లూ పక్కపక్కన రాసుకోండి, లింకు అర్థమవుతుంది. లోపలి సరుకు సముద్రానికి చేరాలి, అంతే. అరకు మాత్రం దారికి పక్కనే ఉండిపోయింది. రాయగడ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు బైలాడిలా. ఇవాళ్టి ఛత్తీస్‌గఢ్‌లో, దంతెవాడ వైపు ఉన్న కొండల వరుస. ఆ పేరుకి అర్థం ఎద్దు మూపురం. ఆ కొండల్లో మేలురకం ఇనుప ఖనిజం ఉంది. యుద్ధం తర్వాత మళ్లీ నిలబడుతున్న జపాన్‌కి ఉక్కు కావాలి, ఖనిజం వాళ్ల దగ్గర లేదు. 1960లో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. ఖనిజం విశాఖ పోర్టుకి రావాలంటే కొత్త రైలు కావాలి. అలా వచ్చిందే కొత్తవలస - కిరండూల్ లైన్, అందరూ కేకే లైన్ అంటారు. సుమారు 445 కిలోమీటర్లు, 58 టన్నెళ్లు. 1966-67 నాటికి రెడీ.

కష్టం ఎక్కడంటే, ఆ ఘాట్‌లో వాలు 60కి 1. అంటే 100 మీటర్లు పైకి ఎక్కాలంటే 6 కిలోమీటర్లు పట్టాలు వేయాలి. నేరుగా ఎక్కలేదు కాబట్టి కొండల చుట్టూ తిరుగుతూ, అడ్డొచ్చిన చోట తొలుచుకుంటూ వెళ్లింది. మీకు నచ్చే ఆ వంపులన్నీ ఈ లెక్కలోంచి వచ్చినవే. ఇంకో విషయం, ఇక్కడ బరువు కిందికి దిగుతుంది. ఖాళీ వ్యాగన్లు పైకి, ఖనిజం నింపినవి కిందికి. ఇద్దరు కూర్చుని మధ్యలో గ్యాస్ సిలిండర్ పెట్టుకుని స్కూటీ మీద ఘాట్ దిగడం ఊహించుకోండి. ఇంజన్ బలం కంటే బ్రేకుల గురించే భయం. లోకోపైలట్లకి ఇక్కడ దిగడమే అసలు పరీక్ష.

1982 కల్లా ఈ అడవి లైన్ మొత్తానికీ కరెంట్ వచ్చేసింది. అప్పటికి మన సికింద్రాబాద్‌లో ఇంకా డీజిల్ ఇంజన్లే. ఎవరి అవసరం ముందో దీన్నిబట్టే తెలిసిపోతుంది!

జనం ఆ ఖనిజం రైళ్ల మధ్య దొరికిన సందులో ప్రయాణించారు. ఏళ్ల తరబడి ఒక్క కిరండూల్ ప్యాసింజరే ఆ ఊళ్లకి దిక్కు. సంతకి వెళ్లినా, విశాఖ కేజీహెచ్‌లో చూపించుకోవాలన్నా అదే. వానాకాలంలో బండరాళ్లు పట్టాల మీద పడితే రైలు ఆగిపోతుంది. మనకైతే టికెట్ డబ్బులు రిఫండ్ వస్తాయి. చిమిడిపల్లిలాంటి చోట్ల ఉన్నవాళ్లకి ఆరోజు ప్రయాణమే లేదు. అద్దాల బోగీ వచ్చింది 2017లో, అంటే ఖనిజం కదిలిన 50 ఏళ్లకి.

దారిలో శిమిలిగూడ స్టేషన్ వస్తుంది, ఎత్తు 996 మీటర్లు. దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ అని చాలాకాలం పేరు. 2008లో కాశ్మీర్ లోయలో రైలు మొదలయ్యాక ఆ రికార్డు పోయింది. బోర్డు ముందు సెల్ఫీలు మాత్రం ఆగలేదు.

ఇక రాయగడ. 2025 ఫిబ్రవరిలో కేంద్ర క్యాబినెట్ వాల్తేరు డివిజన్‌ని విడదీసింది. కొంత విశాఖపట్నం డివిజన్‌గా ఉంటుంది, కొత్తవలస నుంచి పైకి వెళ్లే కేకే లైన్ ఒడిశాలోని కొత్త రాయగడ డివిజన్‌కి వెళ్తుంది. అంటే లెక్కల్లో ఖనిజం ఆదాయం కూడా అటే. అరకు మాత్రం విశాఖ కిందే ఉండాలని అక్కడివాళ్లు అడుగుతున్నారు. నాకైతే ఆ మాట న్యాయంగానే అనిపిస్తుంది. వాళ్లు రైలెక్కి వెళ్లేది విశాఖకే, రాయగడకి కాదు.