ఫౌజుదారీ మిసిళ్లలో మన పెద్దల జాడ

ఎరుకల కులమును గూర్చి అచ్చుపడిన గ్రంథములు లేకపోలేదు. 1905 లో చెన్నపురియందు ఎం. పాపారావు నాయుడుగారు మన కులచరిత్ర యనుచు నొక పుస్తకమును ప్రకటించిరి. ఆయన పోలీసుశాఖలో ఉద్యోగి. 1909 లో థర్‌స్టన్ దొరగారు ఏడు సంపుటములుగ వెలువరించిన దక్షిణదేశ కులముల గ్రంథమున మనకు సంబంధించిన ప్రకరణము ఇట్టి పోలీసు వ్రాతలను విశేషముగ వాడుకొన్నది. మనవారు కన్నమెట్లు వేయుదురు, దోచిన సొమ్ము నెచ్చట దాచుదురు, తమలో తాము ఏ సంకేతములు పలుకుదురు అను సంగతులు అందు విస్తరించి చెప్పబడినవి. తీరమునుండి ఉప్పును, మెట్టసీమలనుండి ధాన్యమును ఎద్దులపై మోసి ఊరూర నమ్మిన మన వర్తకము, రైళ్లు వచ్చి ఉప్పుచట్టములు మారినంతనే చెడిపోయిన విధము మాత్రము ఒక మూల నొదిగియున్నది. కావలివాడు వ్రాసిన కథయే కులచరిత్రగ చెల్లుబడి యయ్యెను.

పోలీసువారు చెప్పినది ఒక పక్షము. ముద్దాయి పలికిన మాటను గూడ వ్రాసి భద్రపరచు స్థలము న్యాయస్థానము తప్ప మరియొకటి లేదు. కావున మన చరిత్రను మనము వ్రాసికొనదలచితిమేని ఫౌజుదారీ కోర్టుల మిసిళ్లను వెదకక తప్పదు. గత కొన్ని సంవత్సరములుగ ఉప్పల్, నాచారము ప్రాంతములనుండి మేమట్టి వెదకులాటను సాగించి తెలిసికొన్న సంగతులను మహాసభకు విన్నవించుచున్నాము.

మొదట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. మన కులమును నేరస్థజాతిగ వ్రాసిన పట్టీలు కోర్టులలో నుండునని పలువురు బంధువులు తలచుచున్నారు. అవి అచ్చట లేవు. 1871 నాటి నేరస్థజాతుల చట్టము మొదట చెన్నరాజధానికి వర్తింపలేదు. 1911 నాటి చట్టముతో నది మనవారిపైకి వచ్చెను. 1924 లో మరల కూర్పబడెను. ఈ చట్టముల ప్రకారము ప్రభుత్వము ఒక ప్రకటన చేసినంతనే కులము కులమంతయు నేరస్థజాతి యగును. జిల్లా మేజిస్ట్రేటు పట్టీ తయారుచేయించును, వ్రేలిముద్రలు తీయించును. ఆ ప్రకటన తప్పని ఏ న్యాయస్థానమునను వాదించుటకు వీలు లేదని చట్టమే పలికినది. బాపట్ల చెంత సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున 1914 ప్రాంతమున వెలసిన స్టూవర్టుపురము వంటి సెటిల్‌మెంట్లకు కుటుంబములను తరలించుటకును కోర్టు తీర్పు అక్కరలేకపోయెను, ప్రభుత్వపు ఉత్తరువే చాలెను. విచారణ లేదు గనుక మిసిలి లేదు. మనము వెదకి వెదకి రిక్తహస్తములతో తిరిగివచ్చునపుడు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనవలయును: ఆ కాగితము పోయినది కాదు, ఆ కాగితమును పుట్టనీయలేదు.

ఇంక కోర్టుకు వచ్చినవి రెండు తెరగులు. హాజరుపట్టీకి రానందులకును, అనుమతి చీటి లేక ఊరు దాటినందులకును పెట్టిన కేసులు మొదటివి. దొంగతనము మున్నగు సామాన్య నేరముల కేసులు రెండవవి. 1924 చట్టము 23 వ సెక్షను చొప్పున పట్టీకెక్కినవానికి కొన్ని నేరములలో రెండవసారి శిక్షపడినచో ఏడేండ్లకు తక్కువ కారాదు, మూడవసారికి ద్వీపాంతరము. పాత శిక్షను రుజువుచేయుటకై ప్రాసిక్యూషనువారు పూర్వపు తీర్పుల నకళ్లను క్రొత్త మిసిలికి జతపరచువారు. ఇది వెదకువారికి మిక్కిలి ఉపయుక్తమైన విషయము. మొదటి మిసిలి నశించినను, తరువాతి దానిలో దాని సారము దొరకవచ్చును.

ఈ సంగతులు బ్రిటిషువారి సీమకు చెల్లును. మా నివాసము నిజాము రాజ్యపు నేలపై నున్నది; ఇచ్చటి చిక్కులు వేరు. మేముండు ఏ.ఎస్. రావు నగరము నిన్నమొన్నటిది. 1967 లో ఈ.సి.ఐ.ఎల్. సంస్థను స్థాపించిన అయ్యగారి సాంబశివరావుగారి పేర వెలసిన కాలనీ. అంతకుపూర్వపు దస్త్రమున ఆ పేరుతో వెదకిన ఏమి దొరకును? కాప్రా, చర్లపల్లి, మల్లాపురము, నాచారము, ఉప్పల్ అని పాత పల్లెల పేరులతో వెదకవలయును. పల్లె కదలదు గాని దానిపై అధికారముగల కోర్టు కదలుచుండును. నగరము చుట్టునున్న సీమ నిజాముల కాలమున సర్ఫేఖాసు క్రింద అత్రాఫ్ బల్దా జిల్లాగ నుండి, పోలీసుచర్య పిమ్మట హైదరాబాదు జిల్లాలో కలిసెను. 1978 ఆగస్టు 15 న రంగారెడ్డి జిల్లా ఏర్పడగా ఉప్పల్ అందు చేరెను. 2016 అక్టోబరు 11 న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా పుట్టినది. అయినను ఆ జిల్లాకు ప్రత్యేకముగ న్యాయవిభాగ మేర్పడినది 2022 జూనులోనే. నడుమ నున్న కాలపు సెషన్సు కేసులకు రంగారెడ్డి న్యాయజిల్లా పేరుననే వెదకవలయును. ఏ సంవత్సరపు కేసో తెలిసికొనక ఏ కోర్టు గడప తొక్కినను శ్రమయే మిగులును.

జాగీరు గ్రామములలో కొందరు జాగీర్దారులు స్వంత న్యాయాధికారము కలిగియుండిరి; 1949 లో జాగీరులతోపాటు అదియు పోయినది. నిజాము కోర్టుల భాష ఉర్దూ. తేదీలు ఫసలీ సంవత్సరములలో నుండును. హైదరాబాదు ఫసలీ అక్టోబరున మొదలగును గాన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు 590, తక్కిన నెలలకు 591 కలిపిన క్రీస్తుశకము వచ్చును. మరియొక మెలిక శిక్షాస్మృతిది. 1951 ఏప్రిల్ 1 న భారతశిక్షాస్మృతి వచ్చువరకు ఇచ్చట హైదరాబాదు శిక్షాస్మృతి నడిచెను. హత్యకు అచ్చట 302 కాదు, 243 వ సెక్షను. బ్రిటిషు సెక్షనులు కంఠపాఠముగ వచ్చిన వకీళ్లును ఈ సంఖ్యలచూచి తికమకపడుదురు.

మా అనుభవ మొకటి చెప్పెదము. మా మాతామహుల అన్నగారు ఒకరు యౌవనమున దొంగతనపు కేసులో పట్టుబడి కొన్ని నెలలు బందీగ నుండిరి. శిక్షపడెనని ఇంటివారందరు నమ్మియుండిరి. ఆయన కుమార్తెకు సంబంధములు తప్పిపోయినవి. ఆయన పేరు శుభకార్యములందు ఎవరును ఎత్తరైరి. మేమొక కచేరికి పోయి ఆ మిసిలి కావలెనని అడిగితిమి. తీసివేయబడినదని చెప్పిరి. రెండవసారి పోయినను అదే మాట. మూడవసారి మిసిలి నడుగుట మాని, ఆ సంవత్సరపు కేసుల రిజిస్టరు చూడనిండని అర్జీ వ్రాసితిమి. చెదలు తిన్న అంచులతో అది యుండెను! విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయు లొకరు మా వెంట వచ్చి వ్రేలుపెట్టి చదివిరి. పేరు, తండ్రి పేరు, ఊరు సరిపోయినవి. కడపటి గడిలో నొక్కటే మాట: ‘బరీ’. నిర్దోషి యని విడిచిరన్నమాట. ఆయన బందీగ నున్నది విచారణకాలమున; శిక్షగా కాదు. మా పెత్తల్లిగారు ఇప్పుడు ఎనుబది దాటినవారు. ఆ పంక్తికి నకలు తెచ్చి యిచ్చితిమి. ఆమెకు చదువు రాదు. ఆ మాట ఏ చోట నున్నదో చూపుమని అడిగి, దానిపై వ్రేలుంచుకొని చాలసేపు కూర్చుండిరి.

దస్త్రములను తీసివేయుట అక్రమము కాదు. 1917 లోనే అందులకు చట్టము చేయబడినది. హైకోర్టుల నిబంధనలు ఏ కాగిత మెన్నేండ్లుంచవలెనో నిర్ణయించును. సాధారణముగ సాక్షుల వాఙ్మూలములు ముందు పోవును, తీర్పులు అంతకంటె నిలుచును, రిజిస్టరులు ఇంకను నిలుచును. కావున మిసిలి లేదన్నచో తీర్పు నడుగవలయును. అదియు లేదన్నచో రిజిస్టరు నడుగవలయును. పైకోర్టుకు అప్పీలు పోయియున్నచో మరియొక త్రోవ కలదు: ముఖ్యమైన తీర్పులు లా రిపోర్టులలో అచ్చగును. తెలంగాణా రైతుపోరాట కాలమున ప్రత్యేక ట్రిబ్యునళ్లు విధించిన మరణశిక్షలను గూర్చిన జనార్దనరెడ్డి కేసు 1951 నాటి సుప్రీముకోర్టు తీర్పుగ నేటికిని ఎవరైనను చదువవచ్చును.

నకలు పొందు విధము కష్టమైనది కాదు. కేసులోని కక్షిదారుడైనచో కోర్టు నకళ్ల శాఖలో దరఖాస్తు పెట్టి రుసుము చెల్లించిన చాలును. శిక్షపడిన ముద్దాయికి తీర్పు నకలు ఉచితముగ నీయవలెనని 1973 క్రిమినల్ ప్రొసీజరు కోడు 363 వ సెక్షను విధించెను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఆ విధి 404 వ సెక్షనుగ నున్నది. కేసుతో సంబంధము లేని అన్యుడు తన కా నకలు ఎందులకు కావలెనో తెలుపుచు ప్రమాణపత్రముతో కోర్టువారి ఉత్తరువును పొందవలయును. ముద్దాయి వంశీకుడనని, కుటుంబచరిత్రకై యని స్పష్టముగ వ్రాయుట మేలు. సమాచారహక్కు చట్టము క్రింద అడిగిన సులభమని కొందరందురు. న్యాయవిచారణ దస్త్రములను హైకోర్టు నిబంధనల ద్వారముననే పొందవలెను గాని ఆ చట్టము క్రింద కాదని 2020 మార్చి 4 న సుప్రీముకోర్టు గుజరాతు హైకోర్టు వ్యాజ్యమున తీర్పుచెప్పినది. ఇటీవలి కేసులకు ఈ-కోర్టుల సదుపాయ మున్నది. పదునారు అక్షరముల సి.ఎన్.ఆర్. సంఖ్య యున్నచో ఇంటనుండియే కేసు గతిని చూడవచ్చును. నిర్దోషులని విడుదలైన మన యువకులు ఆ తీర్పు నకలు తీసి పెట్టెలో నుంచుకొనవలయును. ఉద్యోగమునకు పోలీసు విచారణ వచ్చినపుడు పరుగులెత్తువారిని మేము పలువురిని చూచితిమి.

కోర్టులలో లేని ప్రభుత్వపు ఉత్తరప్రత్యుత్తరములకు నాచారమునకు కూతవేటు దూరమున తార్నాకయందు రాష్ట్ర పురాభిలేఖాలయము కలదు. షాజహాను, ఔరంగజేబు కాలపు పారసీక పత్రములు మొదలు నిజాము ప్రభుత్వ శాఖల దస్త్రముల వరకు అచ్చట నున్నవి. కులమును జరాయంపేషా యని ఎవరు, ఎందులకు పేర్కొనిరో తెలియవలెనన్నచో ఇట్టి దస్త్రములను వెదకవలయును.

దొరకునదంతయు మనకు ప్రియముగ నుండదని ముందే చెప్పుట మంచిది. నేరము చేసి శిక్షపొందినవారును మనలో కలరు, అన్ని కులములందును ఉన్నట్లే. అట్టి తీర్పులను దాచినచో ‘బరీ’ యను మాటను చూపు అర్హత మనకుండదు. అయితే అన్యకుటుంబముల పేరులను, బాధితులైన స్త్రీల పేరులను అచ్చువేయుట తగదు. కొన్ని నేరములలో బాధితురాలి పేరు ప్రకటించుట శిక్షార్హము గూడ. చట్టము 1952 ఆగస్టు 31 న రద్దయినను దాని నీడ జైళ్ల పట్టీలలో నిలిచియుండెను. ఖైదీల రిజిస్టరులలో కులపు గడిని తీసివేయుడని 2024 అక్టోబరు 3 న సుప్రీముకోర్టు ఆజ్ఞాపించినది. అది న్యాయమే. చిత్రమేమనగా, పాత పట్టీలలో మనవారిని గుర్తుపట్టుటకు మాకు దారిచూపుచున్నది ఆ గడియే.

పోషకమహాశయులకు ఒక మనవి. విద్యార్థి వేతనములకును సత్రములకును మీరిచ్చు విరాళములనుండి కొంత తీసి, ఉర్దూ దస్త్రము చదువగల ఒకరికి సంవత్సరజీతమును, నకళ్ల రుసుమునకు కొంత పైకమును ఏర్పాటుచేయుడు. పాత ఉర్దూ చేతివ్రాత చదువగలవారు ఏటేట తగ్గుచున్నారు. కులబాంధవులు తమ ఇండ్లలోని వృద్ధులను అడిగి ముద్దాయి పేరు, తండ్రి పేరు, ఊరు, ఠాణా, సుమారు సంవత్సరము వ్రాసి సభాకార్యాలయమునకు పంపవలయును. సంవత్సరము తెలియనిచో ఏ కరవునకు ముందో, ఏ బిడ్డ పుట్టిన పిమ్మటనో వ్రాసిన చాలును. ఠాణా తెలియనిచో ఆ కాలమున ఊరివారు ఏ సంతకు పోవుచుండిరో వ్రాయుడు.