పట్టా పక్కనపెట్టి పలక పట్టిన డాక్టరమ్మ

చివరి విందు వేళ యేసుక్రీస్తు నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడని యోహాను సువార్త చెబుతుంది. ఆ కాలంలో అది ఇంటి సేవకుల పని. గురువే ఆ పనికి పూనుకోవడంతో పేతురు మొదట ఒప్పుకోలేకపోయాడు.

మన తెలుగునేలపై ఆ బోధను ఆచరించి చూపినవారిలో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ ఒకరు. 1879లో అమెరికాలో వైద్య పట్టా పొంది, 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. మిషన్ ఆమెకు మొదట అప్పగించినది వైద్యం కాదు, చదువు చెప్పే పని. పాఠాలు చెబుతూనే ఆమె రోగులను చూశారు. వైద్యురాలిగా నియామకం 1885లో గానీ రాలేదు. పరదేశి తాకితే మైల అని వెనుకాడిన ఇళ్లూ ఉండేవి. కాలక్రమంలో ఏలూరు జమీందారు, కవి మంత్రిప్రెగడ భుజంగరావు ఆమె ఆసుపత్రికి వచ్చేవారి కోసం సత్రం కట్టించారు. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూశారు. ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది.

చోడవరం బడి గడప దాటి మనలో ఎందరో పెద్ద పదవులకు చేరాం. చదువుకు తగినది కాదనిపించే పని ఎదురైనప్పుడు మనం ఏం చేశాం? ఈ స్వర్ణోత్సవ వేళ ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్న ఇది.